పన్నెండు ట్యూబులు, ఇరవయ్యేసి కుదుపులు

ఐసు ట్రేలో ఒకే ఒక్క ముక్క ఉంది.

శనివారం పొద్దున్నే అత్తయ్య మోకాలికి ఐసు పెడదామని ఫ్రిజ్ తెరిచాను. పద్నాలుగు గళ్ల ట్రేలో పదమూడు గళ్లు ఖాళీ. మిగిలిన గడిలో ఉన్నది కూడా సగం ముక్కే. నీళ్లు పోయకుండా ట్రేని లోపలికి తోసేసే మనిషి మా ఇంట్లో ఒక్కరే. తీసుకెళ్లి ఆయన చదువుతున్న పేపరు మీద పెట్టాను.

"ఏవండీ, ఇదేమిటి?"

"ఐసు ట్రే."

"ఖాళీగా ఎందుకుంది?"

"ఖాళీ ఎక్కడ? ముక్క ఉందిగా. మొత్తం వాడేసినవాళ్లు నీళ్లు పోయాలి. నేను మొత్తం వాడలేదు."

మా ఆయన మంచినీళ్ల శాఖలో పంపుల సూపర్‌వైజరు. ఊరందరికీ నీళ్లు పోస్తారు, ఐసు ట్రేలో మాత్రం పోయరు.

అత్తయ్య సోఫాలో కాలు చాపుకుని ఈ విచారణంతా వింటున్నారు. "ముందు ఆ ముక్క నా మోకాలి మీద పెట్టండర్రా, తీర్పు తర్వాత చెప్పుకోవచ్చు" అన్నారు.

"మీ అబ్బాయికి మీరైనా చెప్పండి అత్తయ్యా. ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను, ఫ్రిజ్‌లో ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలని."

ఆ మాట ఆయనకి తగిలింది. పేపరు మడిచారు. "అబ్బో! ఏది ఎక్కడ ఉండాలో! మరి ఆ వేళ పిడుగు డబ్బాని పై అరకెక్కించి రాయిలా గడ్డకట్టించింది ఎవరో?"

పిడుగంటే మా అమ్మాయి. నానమ్మ పెట్టిన ముద్దుపేరు. సరిగ్గా అప్పుడే తల దువ్వుకుంటూ గదిలోంచి వచ్చింది.

"ఏ డబ్బా నాన్నా?"

"ఐసు డబ్బా" అన్నాను నేను, ఆయన నోరు తెరిచేలోపు.

ఆయన నా వైపు చూశారు. నేను ట్రే తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. పిడుగు దువ్వెన నోట్లో పెట్టుకుని జడ బిగించుకుంది. దాని ధ్యాసంతా ఇంకెక్కడో ఉంది.

ఆ డబ్బా సంగతి నాలుగు నెలల కిందటిది.

పిడుగు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది, ఇది అయిదో ఏడు. అణువులు గొలుసుల్లా పేరుకుంటే పాలిమర్లంటారని నేనూ ఒకప్పుడు కాలేజీలో చదివాను. ప్లాస్టిక్కు, రబ్బరు, మన ఒంట్లోని డీఎన్ఏ అన్నీ అవే. మామూలుగా అలాంటి గొలుసుకి రెండు కొసలుంటాయి. మా పిల్ల పనిచేసే గొలుసులకి కొసలే ఉండవు. రెండూ కలిసిపోయి రింగుల్లా ఉంటాయి. బాక్టీరియా నుంచి తీసిన డీఎన్ఏ రింగులు. పారుతున్న ద్రవంలో పడితే ఆ రింగులు ఎలా సాగుతాయి, ఎలా ముడుచుకుంటాయి అన్నదే దాని చదువు. వాటిని తీసి శుభ్రం చేయడానికే పదకొండు నెలలు పట్టింది.

ఎండాకాలంలో ఒక శుక్రవారం తెల్లటి థర్మోకోల్ డబ్బా ఒకటి తెచ్చింది. ల్యాబులో కోల్డ్ రూమ్‌కి రెండు రోజుల మరమ్మతట. "అమ్మా, ఇది ఫ్రిజ్‌లో పెట్టు. జాగ్రత్త, నా ప్రాణం ఇందులోనే ఉంది" అని, పక్క ఊళ్లో ఏదో సదస్సుందని బస్సుకి పరిగెత్తింది.

ప్రాణమంది కదా, ప్రాణంలాగే చూసుకున్నాను. మధ్య అరలో పాలగిన్నె పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. రోజూ రెండేసి గంటలు కరెంటు పోతున్న రోజులు. అన్నిటికన్నా చల్లని చోటు పై అర. ఐసు ట్రే పక్కకి జరిపి అక్కడ పెట్టాను. మర్నాడు మూత తీసి చూస్తే పన్నెండు ట్యూబులూ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

ఏదో పొరపాటు జరిగిందని అప్పుడే తెలిసింది. గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి కరిగించాను. కరిగాక పైన పల్చగా, అడుగున చిక్కగా విడిపోయినట్టు కనిపించింది. పిల్ల తెచ్చినప్పుడు అలా లేదు. మందు సీసాల మీద బాగా కుదిపి వాడమని రాసి ఉంటుంది కదా, అదే గుర్తొచ్చింది. మూతలు బిగించి ఒక్కొక్కటీ ఇరవై సార్లు కుదిపాను. లెక్కపెట్టి మరీ కుదిపాను, దేనికీ ఎక్కువ తక్కువ కాకూడదని. అన్నీ ఒకేలా తేటపడ్డాయి. తుడిచి, వరుసగా పేర్చి, మధ్య అరలో పెట్టేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "ఏం, వాటికి జలుబు చేసిందా?" అని నవ్వారు.

ఆదివారం పిడుగు వచ్చి చూసుకుని "సూపరమ్మా" అంది. నేనేమీ చెప్పలేదు. అంతా ముందులాగే ఉంది, చెప్పడానికేముంది అనుకున్నాను. నిజానికి కారణం అది కాదు. ఈ ఇంట్లో ఏదైనా పాడైతే అది ఎవరి వల్ల పాడైందో తేల్చేది ఎప్పుడూ నేనే. ఆ జాబితాలో నా పేరు రాసుకోవడం నాకు అలవాటు లేదు.

పైగా ఆ తర్వాతే దాని దశ తిరిగింది. అప్పటిదాకా నీరసంగా వచ్చే పిల్ల చెప్పులు విప్పకుండానే కబుర్లు మొదలుపెట్టేది. ఎవరూ చూడనిదేదో కనబడిందట. మేడం స్వీటు పంచిందట. మేడమంటే వాళ్ల గైడు. నా చేతి చలవేనేమో అని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ శనివారం మధ్యాహ్నం పిడుగు మమ్మల్ని ముగ్గుర్నీ హాల్లో కూర్చోబెట్టింది. సోమవారం వేరే ఊరి పరిశోధన సంస్థ నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వస్తున్నారు. దీని ప్రసంగం విని నచ్చితే వచ్చే నెల నుంచే అక్కడ ఉద్యోగం. కనిపెట్టిన సంగతి మీద పేపరు రాసి పత్రికకి పంపి అప్పటికి రెండు వారాలైంది. ఉద్యోగమైనా పేపరైనా ఆ ఒక్క సంగతి మీదే నిలబడి ఉన్నాయి. అందుకే ముందు ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకుంటానంది.

"నానమ్మకి అర్థమైతే వాళ్లకీ అర్థమైనట్టే."

"అంటే నేను మొద్దునా?" అన్నారు అత్తయ్య.

"ముప్పై ఏళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టావు. దారం గురించి నీకంటే ఎవరికి తెలుసు నానమ్మా? నీ డబ్బాలోంచి ఒక దారప్పోగు, ఒక ఎలాస్టిక్ రింగూ ఇవ్వు."

దారాన్ని రెండు కొసలూ పట్టుకుని లాగింది. "మామూలు గొలుసు పారే నీళ్లలో పడితే ఇలా నిలువునా సాగుతుంది. రింగు అలా సాగలేదు. రెండు పేటలుగా మడతపడి సాగుతుంది, అంటే పొడవు సగమే. కొసలు లేవు కాబట్టి దులపరించుకోవడాలు, గింజుకోవడాలు తక్కువ. బుద్ధిమంతురాలన్నమాట."

"నీకు పూర్తిగా వ్యతిరేకం" అన్నారు మా ఆయన.

"నాన్నా, మధ్యలో మాట్లాడితే బయటికి పంపిస్తా."

లాప్‌టాప్‌లో వీడియో పెట్టింది. గోరంత గాజు పలకలో కూడలిలాంటి సన్నని కాలవలు. రెండు వైపుల నుంచి ద్రవం వచ్చి, మిగతా రెండు వైపులకీ చీలిపోతుంది. ఆ నడిమధ్యలో చిక్కుకున్న రింగుని రెండు వైపులా ద్రవమే పట్టి లాగుతుంది. చీకటి తెర మీద పచ్చగా మెరిసే చిన్న చుక్క. అది సాగి చిన్న కడ్డీలా అయింది. అలాగే ఉండిపోతుందనుకుంటే ఉన్నట్టుండి ముడుచుకుపోయింది. మళ్లీ సాగింది, పక్కకి లాక్కుంది, గింజుకుంది. చేతికి దొరికిన చేపలా ఉంది.

"చూశారా! ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉన్న రింగు, చిక్కటి గుంపులో పడేసరికి ఇలా చేస్తోంది. చుట్టూ ఇలాంటి రింగులే లక్షలున్నాయి. వాటికి రంగు వేయలేదు కాబట్టి మనకి కనబడవు. ఆ రింగులే ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కుంటున్నాయి. ఇదే నేను చెప్పే కొత్త సంగతి."

అత్తయ్య ఎలాస్టిక్ రింగుని చేతిలోకి తీసుకుని, దారాన్ని దానిలోంచి దూర్చి రెండు కొసలూ ఒకసారి గుంజారు. రింగు ఎగిరి గంతులు వేసింది.

"ఇలా దారప్పోగేదైనా రింగులో దూరిందేమోనే? నా డబ్బాలో చిక్కులన్నీ ఇలాగే పడతాయి."

పిడుగు చప్పట్లు కొట్టింది. "శభాష్ నానమ్మా! సోమవారం వాళ్లడిగే మొదటి ప్రశ్న ఇదే. కానీ నా దాంట్లో దారాలు లేవు. శుభ్రం చేసిన వారమే పరీక్షించాను, అన్నీ రింగులే. రింగు తెగితేనే దారమయ్యేది. గడ్డకట్టించి కరిగించినా, గట్టిగా కుదిపినా తెగుతుంది. అందుకే మేము ట్యూబు ఎత్తితే నిద్రపోయే పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతాం."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆ తర్వాత అదేం చెప్పిందో నాకు వినబడలేదు. లోపలెక్కడో ఎవరో అంకెలు లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాకా వెళ్లి మళ్లీ ఒకటి. నా కుడిచెయ్యి ఒళ్లో ఉంది. ఎడంచేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాను, మళ్లీ ఏం చేస్తుందో అన్నట్టు. మా ఆయన మొహం కేసి చూశాను. ఆయన నా చేతి కేసే చూస్తున్నారు.

నేను లేచి వంటింట్లోకి వచ్చేశాను. ఆయన వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశారు.

"ఇప్పుడు చెప్పకు."

"మరెప్పుడు?"

"సోమవారం కానీ. వాళ్లు విని వెళ్లిపోనీ. ఏమో, దానివల్ల ఏమీ కాలేదేమో. నువ్వు కుదిపింది ఎంత, చిన్న చెయ్యి."

"మీరు చూశారుగా ఎలా కుదిపానో."

చూశారు మరి.

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినదాన్ని. ల్యాబులో మూడేళ్లు నిలబడ్డాను. పేరు తెలియని ద్రవాన్ని ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పారు. అన్ని మార్కులూ తెచ్చుకుని, ఇంటికొచ్చిన పన్నెండు ట్యూబులని దగ్గు మందులా కుదిపాను. అంతకన్నా, నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. కుదుపు తెలియక చేసింది. నోరు మూసుకోవడం తెలిసే చేసింది.

గదిలోకి వెళ్లేసరికి పిడుగు సోమవారం వేసుకోవలసిన బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఎలా ఉందమ్మా? మధ్యలో లేచిపోయావేం? అంత విసుగ్గా చెప్పానా?"

"ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు" అన్నాను.

నా గొంతు విని వెంటనే పెట్టేసింది. నేను ఎక్కడా ఆగకుండా చెప్పాను. పై అర, గడ్డ, గోరువెచ్చని నీళ్లు, కుదపడం. చెప్పాక అది నవ్వింది. నేనేదో హాస్యమాడుతున్నాననుకుంది. నవ్వుతూనే నా మొహం చూసింది. ఆ నవ్వు దాని మొహం మీద ఎక్కడికీ పోలేక అలాగే ఉండిపోయింది.

"ఎన్ని ట్యూబులు?"

"పన్నెండూ."

"ఎన్నిసార్లు?"

"ఇరవయ్యేసి."

"అబ్బ, లెక్కపెట్టావా అమ్మా!" అని మంచం మీద కూలబడింది. "పైకీ కిందకీనా, పక్కకా?"

"పైకీ కిందకీ."

నోటు పుస్తకం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అది తేదీ వేసి, కింద గీత గీసి, గోరువెచ్చనంటే ఎంత వెచ్చన అని అడిగింది. వేలు పెడితే కాలనంత అన్నాను. అదీ రాసుకుంది.

"ద్రవం పట్టి లాగితే రింగు ఏమవుతుందో చూడ్డానికి నేను అయిదేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. నువ్వు వంటింట్లో నిలబడి అదే లాగుడు చేత్తో లాగేశావు. తెగేదాకా."

"మళ్లీ పరీక్షించలేదేమే నువ్వు? నా దగ్గర్నుంచి తీసుకెళ్లాకైనా?"

ఆ ప్రశ్న నేను నెపం దాని మీదకి తోయడానికి అడగలేదు. కానీ అది తల దించుకుంది. నోటు పుస్తకం మూసి అంది.

"డబ్బా ఇంటికి తెచ్చినట్టు ల్యాబులో ఎవరికీ తెలియదమ్మా."

"అదేంటి?"

"బయటికి తీసుకెళ్లకూడదు. పక్క బిల్డింగు ఫ్రిజ్‌లో చోటడగాలి. అడిగితే సంతకాలు, రెండు రోజులు పడుతుంది. నాకు బస్సు టైమైపోతోంది. మళ్లీ పరీక్ష చేస్తే, ఈ మధ్యలో ట్యూబులు ఎక్కడున్నాయో రిజిస్టరులో రాయాలి. ఏమని రాయను, మా అమ్మ పాలగిన్నె పక్కన అనా? అందుకే చేయలేదు."

దాని పక్కనే కూర్చున్నాను. ఇంతసేపూ నేనొక్కదాన్నే దాచాననుకున్నాను. ఒకే డబ్బాని ఇద్దరం చెరో వైపు నుంచీ దాచాం. పిల్లకి ఈ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరినీ అడగక్కర్లేదు.

ఆదివారం పొద్దున ఆరింటికే అది ల్యాబుకి వెళ్లిపోయింది. డబ్బా ఇంటికి తెచ్చిన రోజు అందులో పట్టక పదమూడో ట్యూబుని స్నేహితురాలి ఫ్రిజ్‌లో వదిలేసిందట. అది మా ఇంటి మొహం చూడలేదు. దానినీ, నేను కుదిపినవాటిలో మిగిలిన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తానంది. జెల్లీలాంటి పలకలో కరెంటుతో వాటిని పరిగెత్తిస్తారట. రింగులు ఒక చోట ఆగుతాయి, తెగి దారాలైనవి ఇంకో చోట ఆగుతాయి. గీతలు చూస్తే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం రెండు దాటినా మేం ముగ్గురం భోజనానికి కూర్చోలేదు. ఎవరూ కూర్చుందామని అనలేదు. మా ఆయన ఐసు ట్రే తీసి, నీళ్లు పోసి, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని లోపల పెట్టారు. ఈ ఇంట్లో అలాంటి దృశ్యం చూడటం నాకదే మొదటిసారి. ఇంకో రోజైతే ఏదైనా అనేదాన్ని.

పిడుగు వచ్చి చేతులు కడుక్కుని తిన్నగా బల్ల దగ్గర కూర్చుంది. ఫోను తీసి కంచాల మధ్య పెట్టింది. నల్లటి ఫోటోలో మూడు వరుసలు. మొదటి వరుసలో ఒకటే తెల్లని గీత. మిగతా రెండిటిలో ఆ గీతతో పాటు కాస్త కింద ఇంకోటి. సన్నగా ఉంది, కానీ ఉంది. దాని కిందంతా మసకగా పొగలాంటి మరక.

"మొదటిది ఇంటికి రానిది" అంది.

ఎవరికీ ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఈ రెండో గీత నువ్వు గీసిందేనా అమ్మాయ్?" అని నన్నడిగారు. అందులో ఎత్తిపొడుపు లేదు. కుట్టు తప్పిన చోటు చూపించినట్టు అడిగారు.

"నేనే అత్తయ్యా."

"ఎంత తెగింది?" అన్నారు మా ఆయన.

"వందలో పదిహేడు. రెండు మూడు ఉన్నా కథ మారిపోతుంది నాన్నా. నానమ్మ చెప్పిందే నిజం. రింగులు ఒకదాన్నొకటి పట్టుకోలేదు. తెగిన దారాలు వాటిలో దూరి గుంజాయి. నేను చూసింది నిజమే. దానికి నేను పెట్టిన పేరే అబద్ధం."

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. వడ్డించాలని తెలుసు. ఎవరి కంచంలో మొదట వెయ్యాలో తోచలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒక్క మాట. రేపు ఒక్క రోజు గడవనీ. ఉద్యోగం కాగితం చేతికి వచ్చాక, నిదానంగా, మళ్లీ పరీక్షిస్తే తేలిందని..."

"నాన్నా, మంచినీళ్ల పైపులో మురుగు కలిసిందని నీకు ఈ రోజు తెలిసింది. రేపు తనిఖీవాళ్లు వస్తున్నారు. వాళ్లు నీళ్లు తాగి సంతకం పెట్టి వెళ్లాక చెప్తావా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఊపుతూనే కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను ఆయన తండ్రి పోయినప్పుడు తప్ప చూడలేదు.

"మేడంకి ఫోన్ చేశావా?" అన్నాను.

"చేశాను. అంతా వింది. తర్వాత ఒక్కటే అడిగింది, ఇంటికెందుకు తీసుకెళ్లావని. కుదిపినందుకు కాదమ్మా, దానికే ఎక్కువ బాధపడింది." గ్లాసులో నీళ్లు తాగి కింద పెట్టింది. "అందరూ వినండి, మళ్లీ మళ్లీ చెప్పలేను. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని మేడంతో కలిసి పత్రికకి రాసేశాం. రేపు వాళ్లిద్దరి ముందూ ఈ ఫోటోతోనే మొదలుపెడతాను. డబ్బా ఎక్కడికెళ్లిందో, ఎవరు తీసుకెళ్లారో కూడా చెప్తాను. అదంతా విన్నాక కూడా ఉద్యోగం ఇస్తామంటే, ఇప్పుడు కాదంటాను. మళ్లీ రింగులు తీస్తాను, మొదటి నుంచి. పదకొండు నెలలు. ఈసారి దారాలు కావాలనే, కొలిచి కలిపి చూస్తాను."

పదకొండు నెలలన్న మాట బల్ల మీద పడి అక్కడే ఉండిపోయింది. అత్తయ్య కళ్లజోడు తీసి మడిచారు. నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"రేపు నేనూ నీతో వస్తాను. కుదిపింది నేను. ఎన్నిసార్లో, ఎలాగో మీ మేడంకి నేనే చెప్తాను" అన్నాను.

పిడుగు నా వైపు చూసింది. నిన్న మధ్యాహ్నం నుంచి అది నన్ను తిన్నగా చూడటం అదే మొదలు.

"రా" అంది, కంచం నా వైపు జరుపుతూ. "కానీ అక్కడ ఏదీ సర్దకు."